కొలిమినీ బడిగా లెక్కించండి

తెలంగాణ ఉపాధి, శిక్షణ శాఖ అధికారులకు, యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ పెద్దలకు,

నమస్కారం.

నేను నిజామాబాద్, జగిత్యాల జిల్లాల సరిహద్దులో ఒక చిన్న పట్టణం చివర కొలిమి నడుపుకుంటున్న కమ్మరిని. ఐటీఐలో ఫిట్టర్ చదివాను. హైదరాబాద్ బాలానగర్‌లో పదకొండేళ్లు వర్క్‌షాపుల్లో పనిచేశాను. మా బాపుకు చేయి వణకడం మొదలయ్యాక ఇంటికి తిరిగొచ్చి కొలిమి ముందు కూర్చున్నాను. ఈ ఉత్తరం డబ్బు సాయం అడగడానికి రాయడం లేదు. మా మేనల్లుడు అడిగిన ఒక ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అది మీ దగ్గరే ఉండాలని రాస్తున్నాను.

వాడు మొన్న ఎండాకాలం పదో తరగతి పాసయ్యాడు. సెలవుల్లో రెండు నెలలు నా దగ్గరే ఉన్నాడు. మొదట్లో బ్లోయర్ తిప్పాడు, తర్వాత సమ్మెట పట్టాడు. నెల తిరిగేసరికి కొడవలి తోక సాగదీయడం వచ్చేసింది. చేతిలో పని ఉన్న పిల్లవాడు. ఒక సాయంత్రం బొగ్గులు ఆర్పుతుంటే అడిగాడు: "మామా, ఈ పని మొత్తం నేర్చుకుంటే నాకు సర్టిఫికెట్ ఎవరిస్తరు? రేపు నేనేం చదివిన్నని రాసుకోవాలె?"

కనుక్కుంటానని చెప్పాను. నిజంగానే కనుక్కున్నాను. మా చుట్టుపక్కల ఐటీఐలకు వెళ్లి అడిగాను. ఫిట్టర్ ఉంది, రెండేళ్లు. వెల్డర్ ఉంది, ఏడాది. ఎలక్ట్రీషియన్, డీజిల్ మెకానిక్ ఉన్నాయి. ఇనుమును కాల్చి, కొట్టి, పదును పెట్టే పని నేర్పే ట్రేడు ఒక్కచోట కూడా లేదు. ఒక ఐటీఐలో పెద్దసారు ఒకాయన మంచి మనసుతోనే అన్నాడు: "వెల్డర్‌లో చేర్పించు తమ్మీ, అదీ ఇనుము పనే కదా." ఇనుము పనే, కాదనను. నేనూ రోజూ వెల్డింగ్ చేస్తాను. కానీ వెల్డింగ్ రెండు ముక్కలను కలుపుతుంది. ముక్కను పనిముట్టుగా మార్చేది కొలిమి.

తర్వాత తెలిసిన సంగతి నన్ను ఇంకా బాధపెట్టింది. కమ్మరి ఉద్యోగం సర్కారులో ఇప్పటికీ ఉంది. రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డులు 2024లో ఇచ్చిన టెక్నీషియన్ నోటిఫికేషన్‌లో టెక్నీషియన్ గ్రేడ్-3 (బ్లాక్‌స్మిత్) అని పోస్టు పేరే ఉంది. మొదటి మూల వేతనం 19,900 రూపాయలు. అర్హత దగ్గర పదో తరగతి, దాంతోపాటు ఫోర్జర్ అండ్ హీట్ ట్రీటర్, ఫౌండ్రీమన్, ప్యాటర్న్ మేకర్ లాంటి ట్రేడుల్లో ఐటీఐ, లేదంటే అవే ట్రేడుల్లో అప్రెంటిస్‌షిప్ అని రాసి ఉంది. ఫోర్జర్ అండ్ హీట్ ట్రీటర్ అంటే కాల్చి సాగగొట్టడం, వేడితో, నీళ్లతో గట్టిపరిచి పదును పెట్టడం. అంటే మేమే. ఆ ఉద్యోగానికి అసలైన వారసుడు నా కొలిమి ముందు నిలబడి ఉన్నాడు. వాడికి కావలసిన కాగితం మాత్రం మా దరిదాపుల్లో ఎక్కడా ఇవ్వరు. దేశ స్థాయి వృత్తి శిక్షణ మండలి (ఎన్‌సీవీటీ) కాగితమే కావాలని కూడా రైల్వే పట్టుబట్టడం లేదు, రాష్ట్ర మండలి (ఎస్‌సీవీటీ) ఇచ్చే సర్టిఫికెట్ అయినా చాలంటోంది. ఇది మీ చేతిలో ఉన్న పని కాబట్టే మీకు రాస్తున్నాను.

సరే, ఐటీఐ లేకపోతే అప్రెంటిస్‌షిప్ ఉంది కదా, నా దగ్గరే వాడిని అప్రెంటిస్‌గా పెట్టుకుంటే సరిపోతుందని అనుకున్నాను. అది కూడా కుదరదట. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద 2019లో నిబంధనలు మార్చారు. ఆ లెక్క ప్రకారం 30 మంది, అంతకు మించి పనివాళ్లున్న సంస్థ అప్రెంటిస్‌లను తప్పకుండా తీసుకోవాలి. నలుగురి నుంచి 29 మంది దాకా ఉంటే ఇష్టాన్ని బట్టి తీసుకోవచ్చు. నలుగురు కూడా లేని చోటు లెక్కలోకే రాదు. తెలంగాణలో నలుగురు పనిచేసే కొలిమిని మీరెక్కడైనా చూశారా? కొలిమిలో ఇద్దరుంటారు. ఒకరు పట్టకారు పట్టి చిన్న సుత్తితో కొడతారు, ఇంకొకరు సమ్మెట వేస్తారు. వేల ఏళ్లుగా ఇద్దరితోనే నడిచిన పని ఇది. ఆ ఇద్దరి దగ్గరే మూడోవాడు నేర్చుకున్నాడు. నేర్చుకునే ఆ మూడోవాడికి చట్టంలో చోటు లేదు.

పీఎం విశ్వకర్మ పథకం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నేను ఏ ఆఫీసుకు వెళ్లినా ముందు దాని పేరే చెప్పారు. 2023 సెప్టెంబరు 17న మొదలైన ఈ పథకంలో 18 వృత్తులున్నాయి. అందులో కమ్మరి పేరుంది. సుత్తులు, పనిముట్లు చేసేవాళ్ల పేరు విడిగా ఉంది. మా పని పేరు ఒక కేంద్ర పథకంలో చూసినప్పుడు మా బాపు కళ్లలో కనిపించిన సంతోషం నేను మరచిపోను. 15,000 రూపాయల పనిముట్ల వోచర్, మొదట లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు, దాని మీద ఐదు శాతమే వడ్డీ. ఇవన్నీ మేలే. కానీ శిక్షణ సంగతి చూడండి. మొదటి శిక్షణ ఐదు నుంచి ఏడు రోజులు, 40 గంటలు. పై శిక్షణ 15 రోజులు, 120 గంటలు. ఇది అప్పటికే పనిలో ఉన్నవాళ్లకు, 18 ఏళ్లు నిండినవాళ్లకు. తెలిసిన పనికి మెరుగు పెట్టడానికైతే పనికొస్తుంది. ఏమీ తెలియని పదహారేళ్ల పిల్లవాడిని కమ్మరిని చేయడానికి పనికిరాదు. అందుకోసం పెట్టిన పథకం కాదు కూడా. మరి అందుకోసం పెట్టింది ఏదీ అని అడుగుతున్నాను.

నేను అలాంటి ఒక శిక్షణకు వెళ్లొచ్చాను. ఆ కేంద్రం పేరు రాయను, తప్పు వాళ్లొక్కరిదే కాదు కాబట్టి. మా బ్యాచ్‌లో అందరం కొలిమి వాళ్లమే. గోడ మీద బొమ్మలు చూపించారు. డిజిటల్ పేమెంట్ నేర్పించారు, అది మంచిదే, నా కొట్లో ఇప్పుడు క్యూఆర్ కోడ్ ఉంది. నిప్పు రాజేసింది మాత్రం ఒక్క పూట. నేర్పడానికి వచ్చిన కుర్రాడు బాగా చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. పాపం, అతను ఎప్పుడూ పట్టకారు పట్టలేదు. మాలో ఒక పెద్దాయన, అరవై దాటినవాడు, లేచి అతని చేతిలోంచి పట్టకారు తీసుకుని, "బిడ్డా, గట్ల పడితే ముక్క ఎగిరి మీద పడ్తది, ఇటు పట్టు" అని చూపించాడు. నేర్పేవాడు ఎవరో, నేర్చుకునేవాడు ఎవరో అక్కడే తేలిపోయింది. రోజుకు 500 రూపాయల భత్యం మాత్రం నేర్చుకునేవాళ్ల లెక్కలో మాకే వచ్చింది.

ఈ పని ఐదు రోజుల్లో ఎందుకు రాదో దగ్గర నుంచి చూపించాలి. చూపిస్తే తప్ప మీకు నా గోస అర్థం కాదు.

రాళ్లు కొట్టేవాళ్లు వాడే ఉలి తీసుకోండి. కరీంనగర్ గ్రానైట్ ఎంత గట్టిదో మీకు తెలుసు. ఆ రాయి మీద ఉలి మొన రోజంతా కూడా ఆగదు. సాయంత్రానికి మొద్దుబారి మా దగ్గరికి వస్తుంది. దాన్ని కొలిమిలో పెట్టి మొన వైపు కాల్చాలి. ఇనుము మొదట నల్లెరుపు, తర్వాత దానిమ్మ గింజ రంగు, ఆపైన నారింజ పండు రంగులోకి వస్తుంది. ఇంకా ఉంచితే పసుపు, తెలుపు. తెల్లబడి రవ్వలు చిమ్మిందంటే ఉక్కు కాలిపోయినట్టే, ఆ ముక్క ఇక దేనికీ పనికిరాదు. నారింజ రంగులో తీసి మొన సాగగొట్టాలి. మళ్లీ దానిమ్మ రంగుకు కాల్చి, ఈసారి మొనను మాత్రం రెండు వేళ్ల మందం నీళ్లలో ముంచాలి. ముంచి ఒకేచోట ఆపకూడదు, పైకీ కిందికీ కదుపుతుండాలి. లేకపోతే నీటి గీత దగ్గర పగులుతుంది. బయటికి తీయగానే మొనను రాతి ముక్కతో గబగబా రుద్దితే కింద తెల్లటి లోహం మెరుస్తుంది. ఇప్పుడు చూడాలి. పైన మిగిలిన వేడి మెల్లగా మొన వైపు దిగుతుంటే రంగులు పరుగెత్తుతాయి. ముందు ఎండుగడ్డి రంగు, దాని వెనక తేనె రంగు, దాని వెనక వంకాయ రంగు, చివరికి నెమలి మెడ నీలం. ఉలికి వంకాయ రంగు మొనకు చేరే ముందు క్షణంలో మొత్తం నీళ్లలో వేసేయాలి. ఒక్క క్షణం ముందు వేస్తే ఉలి పెళుసై రాయి మీద విరుగుతుంది. ఒక్క క్షణం ఆలస్యమైతే మెత్తబడి వంగుతుంది. ఆ క్షణం ఏదో కంటికి తెలియాలి. అది తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది. బాపు నా వెనక నిల్చుని "ఇప్పుడు" అనేవాడు. కొన్ని వందల "ఇప్పుడు"లు విన్నాక ఒకరోజు బాపు అనకముందే నా చేయి కదిలింది.

ఉక్కును గుర్తించడం ఇంకో పాఠం. మా దగ్గరికి కొత్త సరుకు రాదు. లారీ కమాన్ పట్టీలు, పాత ఆకురాళ్లు, బేరింగ్ రింగులు, గేట్లు కోయగా మిగిలిన ముక్కలు వస్తాయి. ఏది గట్టిపడుతుందో, ఏది గట్టిపడదో ముందే తెలుసుకోవాలి. గ్రైండర్ మీద ఆనించి రవ్వలు చూస్తాం. మామూలు మెత్తటి ఇనుముకు రవ్వలు పొడుగ్గా, తిన్నగా పోతాయి. కార్బన్ ఎక్కువున్న ఉక్కుకు ప్రతి రవ్వా చివర పువ్వులా పగిలి కొమ్మలేస్తుంది. కమాన్ పట్టీలో కార్బన్ సుమారు అర శాతం పైనే ఉంటుంది కాబట్టి కొడవలికి, గొడ్డలికి అది బంగారం. గేటు ముక్కతో కొడవలి చేస్తే ఎన్నిసార్లు నీళ్లలో ముంచినా పదును నిలవదు. బాపుకు కార్బన్ అనే మాట తెలియదు, రవ్వ తెలుసు. నాకు ఐటీఐలో కార్బన్ చెప్పారు, రవ్వ చూపించలేదు. ఒకే కుర్రాడికి ఈ రెండూ ఒకేచోట దొరికే ఏర్పాటు చేయమనే నేను మిమ్మల్ని అడిగేది.

ఎందుకంటే బాపుకు తెలియనివీ ఉన్నాయి. దానిమ్మ రంగు దాటాక ఒక చోట అయస్కాంతం ఉక్కును అంటుకోవడం మానేస్తుందని, అది 770 డిగ్రీల దగ్గరని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఒక అయస్కాంతం ముక్కను తీగకు కట్టుకుని, కళ్లు మసకబారిన ఈ వయసులో కూడా వేడిని సరిగ్గా పట్టేవాడు. తెల్లపూత వేసిన జీఐ పైపును కొలిమిలో పెట్టకూడదనీ తెలియదు. ఆ పూత జింకు. కాలితే తెల్లటి పొగ వస్తుంది, అది పీలిస్తే రాత్రికి చలి, జ్వరం పట్టుకుంటాయి. నా చిన్నప్పుడు బాపుకు అలా ఎన్నిసార్లు వచ్చిందో. గాలి తగిలిందని మిరియాల కషాయం కాచి ఇచ్చేది మా అవ్వ (మా అమ్మను మేం అలాగే పిలుస్తాం). కళ్లద్దాలు, చెవులకు ఇయర్‌ప్లగ్గులు, పొగ పోయే గొట్టం, ఇవన్నీ చదువుతోనే రావాలి. కాబట్టి ఉస్తాద్ ఒక్కడి దగ్గరే చాలు అని నేను అనడం లేదు.

మా అవ్వ మాట వచ్చింది కాబట్టి ఇక్కడ ఆగి ఒకటి చెప్పాలి. మా కొలిమిలో ముప్పై ఏళ్లు సమ్మెట వేసింది అవ్వే. చాలా ఊళ్లలో అంతే. భర్త కూర్చుని పట్టకారు పట్టి చిన్న సుత్తితో ఎక్కడ కొట్టాలో తట్టి చూపిస్తాడు, భార్య నిలబడి సరిగ్గా అక్కడే సమ్మెట దించుతుంది. మాటలుండవు. సుత్తి ముక్క మీద పడితే కొట్టమని, దాగలి మీద, అంటే ముక్కను పెట్టి కొట్టే ఇనుప దిమ్మ మీద, ఉత్తగా టంగుమంటే ఆపమని. అవ్వ దెబ్బ ఎప్పుడూ ఒక వెంట్రుక కూడా పక్కకు పోలేదు. ఆమె చేతుల మీద రవ్వలు పడిన మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. కానీ విశ్వకర్మ పథకంలో కుటుంబానికి ఒక్కరికే చోటు. అందులో కుటుంబమంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. అవ్వ, బాపుల లెక్కలో కాగితం మీద బాపు పేరే ఉంది. అవ్వను ఏ జాబితాలోనూ కమ్మరి అని ఎవరూ రాయలేదు. మీరు కొత్తగా ఏది పెట్టినా అందులో సమ్మెట వేసే మనిషిని కూడా పనివాళ్లలో లెక్కపెట్టండి. ఆడపిల్లలు ఈ పని చేయగలరా అని మీ కమిటీలో ఎవరైనా అడిగితే మా అవ్వ దగ్గరికి పంపించండి.

మా ప్రాంతం సంగతి మీకు తెలిసే ఉంటుంది. మా కొలిమికి దగ్గర్లోనే కోనసముద్రం ఉంది. కమ్మరి అనే మాట పేరులోనే వినిపించే కమ్మర్‌పల్లి పక్కన. ఒకప్పుడు అక్కడ మట్టి మూసల్లో ఇనుమును కరిగించి, మెల్లగా చల్లార్చి ఉక్కు ముద్దలు తీసేవారు. దమాస్కస్ కత్తులని ప్రపంచం పొగిడిన వాటికి దక్కన్ ఉక్కు ఇలాంటి ఊళ్ల నుంచే వెళ్లింది. 1820లలో హెన్రీ వాయిసీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు వచ్చి ఆ పని చూశాడు. ఇస్ఫహాన్ నుంచి ఉక్కు కొనడానికి వచ్చిన వ్యాపారిని ఆయన అక్కడే కలిశాడు. ఆయన రాసిన వివరణ 1832లో కలకత్తాలో అచ్చయింది. ఇంగ్లీషువాళ్లు ఆ ఉక్కును వూట్జ్ అన్నారు, మన ఉక్కు అనే మాటే వాళ్ల నోట అలా మారిందని పండితులు చెబుతారు. అంత పని చేసిన చేతులు తమకు తెలిసింది కొడుకులకు తప్ప ఎవరికీ నేర్పలేదు, వాళ్లలో ఎవరూ రాసుకోలేదు, ఏ బడిలోనూ నేర్పలేదు. విదేశీ ఉక్కు ఓడల్లో దిగాక కొడుకులు వేరే దారి చూసుకున్నారు, పని వాళ్లతోనే పోయింది. ఇప్పుడు పరిశోధకులు మూసల పెంకులు ఏరుకుని వెనక్కి లెక్కలు కడుతున్నారు. కొలిమి పనికి కూడా అదే గతి పట్టడం నా కళ్లతో చూస్తున్నాను. మా మండలంలో నా చిన్నతనంలో ఊరికో కొలిమి ఉండేది. నాకు తెలిసిన కొలిమి పిల్లల్లో సగం మందికి పైగా దుబాయ్‌లో, మస్కట్‌లో కడ్డీలు కడుతున్నారు.

ఇందులో మా తప్పు కూడా ఉంది. దాచుకోను. నాకు పన్నెండేళ్లప్పుడు ఊరి చివరి వాడ నుంచి ఒక కుర్రాడు రోజూ వచ్చి మా కొలిమి బయట నిల్చునేవాడు. ఒకరోజు "నాకు నేర్పుతావా పెద్దయ్యా" అని బాపును అడిగాడు. "ఇది మా కులం పని బిడ్డా" అన్నాడు బాపు. వాడు ఇంకెప్పుడూ రాలేదు. ఆ మాట గురించి బాపు ఇప్పుడు బాధపడతాడు. నేర్పడానికి ఆయన ఉన్నాడు, నేర్చుకోవడానికి ఎవరూ లేరు. అందుకే గట్టిగా చెబుతున్నాను, మీరు పెట్టే కోర్సు కమ్మరి ఇంట పుట్టినవాళ్లకే అని పెట్టకండి. రైతు కొడుకు రావచ్చు, బీడీలు చుట్టే అమ్మ కూతురు రావచ్చు. మా పిల్లల్లో ఈ పని ఇష్టం లేనివాళ్లు వెళ్లిపోనివ్వండి, ఇష్టమున్న వేరేవాళ్లను రానివ్వండి.

పని ఉందా, తిండి పెడుతుందా అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. నాగలి కర్రులు పోయాయి, నిజమే. మా బాపు కాలంలో కల్లం దగ్గర గింజలు కొలిచి ఇచ్చే పద్ధతి ఎప్పుడో పోయింది. బజారులో ఫ్యాక్టరీ కొడవలి చవకగా దొరుకుతుంది. కానీ నా కొట్టు ముందు పొద్దున్నే ఎవరు నిలబడతారో చూడండి. ట్రాక్టర్ కల్టివేటర్ పాళ్లు అరిగినవాళ్లు, రోటవేటర్ బ్లేడ్లు వంగినవాళ్లు. పసుపు తవ్వే కాలం రాగానే గడ్డపారలు, పలుగులు సాగదీయించుకునేవాళ్లు. క్వారీ నుంచి ఉలుల మూటతో వచ్చేవాళ్లు. గౌడన్నలు గీతకత్తి కోసం వస్తారు, ఆ కత్తిని బజారులో కొనరు. ఎందుకంటే తాటిచెట్టు మీద గెలను ఆకంత పల్చగా చెక్కాలి, అంచు కొంచెం గరుకుగా ఉన్నా కల్లు సరిగ్గా పారదు. ఒక్కో గౌడన్న చేతివాటానికి ఒక్కో వంపు కావాలి. ఈమధ్య నగరం నుంచి ఇళ్లు కట్టించుకునేవాళ్లు చేత్తో కొట్టిన కిటికీ చువ్వలు, తలుపు గొళ్లాలు అడుగుతున్నారు. నేను ఏడాదిలో తిప్పి పంపే పని చేసే పనికంటే తక్కువేమీ కాదు, చేతులు చాలక.

ఊళ్లోనే ఉండాలనీ లేదు. హైదరాబాద్‌లో 1973లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ లోహాల సంస్థ మిధానిలో ఆరు వేల టన్నుల ఫోర్జింగ్ ప్రెస్ ఉంది. రాకెట్లకు, యుద్ధ విమానాలకు కావలసిన లోహాన్ని అక్కడ కాల్చి నొక్కుతారు. దాని కింద జరిగేదీ నా దాగలి మీద జరిగేదీ మూలంలో ఒకటే పని. రంగు చూసి వేడి చెప్పగలిగే పిల్లవాడు అక్కడికి ఏమీ తెలియనివాడిగా వెళ్లడు. లోహశాస్త్రం చదివే విద్యార్థులు వరంగల్ ఎన్‌ఐటీలో ఉన్నారు. అచ్చులు, డైలు చేయడం నేర్పే సీఐటీడీ బాలానగర్‌లో 1968 నుంచి ఉంది, నేను పదకొండేళ్లు దాని గేటు ముందు నుంచే నడిచాను. ఇవన్నీ మన రాష్ట్రంలోనే ఉన్నాయి. నా కొలిమి నుంచి వాటి దాకా దారి మాత్రం లేదు.

జర్మనీలో ఆ దారి ఉంది. అక్కడ కళాత్మకమైన ఇనుప పని నేర్చుకోవాలనుకున్న కుర్రాడు మూడున్నరేళ్లు ఉస్తాద్ వర్క్‌షాపులోనే జీతం తీసుకుంటూ పని నేర్చుకుంటాడు, మధ్యమధ్యలో వృత్తి బడికి వెళ్లి డ్రాయింగు, లెక్కలు, లోహం గురించి చదువుకుంటాడు. చివర్లో పరీక్ష, చేతిపనిలో కూడా. పాసైతే దేశమంతా చెల్లే కాగితం. మనం మూడున్నరేళ్లు పెట్టనక్కర్లేదు. ఆ పద్ధతి మాత్రం మనకు సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే మన దగ్గర ఉస్తాద్‌లు ఇంకా బతికే ఉన్నారు.

నేను అడిగేది ఇది. ఒక్క జిల్లాతో మొదలుపెట్టండి. ఐదారు కొలిములను కలిపి ఒక శిక్షణ కేంద్రంగా గుర్తించండి. ఒక్కో కొలిమికి ఇద్దరు పిల్లలు. వారంలో నాలుగు రోజులు కొలిమి దగ్గర, రెండు రోజులు దగ్గరి ఐటీఐలో. రెండేళ్లు. ఐటీఐలో వెల్డింగు, గ్యాస్ కటింగు, గ్రైండర్ జాగ్రత్తలు, డ్రాయింగు, ఉక్కు రకాలు, ఖర్చు లెక్క వేసి ధర కట్టడం నేర్పండి. ధర కట్టడం గురించి ప్రత్యేకంగా రాస్తున్నాను, మాలో చాలామంది బొగ్గు ఖర్చు వేసుకుంటారు, తమ కూలి వేసుకోరు. కొలిమి దగ్గర మొదటి మూడు నెలలు నిప్పు చూసుకోవడం, సాగదీయడం, వంచడం, బెజ్జం కొట్టడం. తర్వాత తన పట్టకారు తానే చేసుకోవాలి. అదే మొదటి పరీక్ష. రెండు పిడులు సమంగా వచ్చి, నోరు సందు లేకుండా మూసుకుంటే పాస్. పనిముట్లు, పదును, వెలిగారం చల్లి రెండు ముక్కలను కొలిమిలోనే అతికించడం ఆ తర్వాత. ఇవన్నీ అయ్యాక ఎస్‌సీవీటీ కింద ఫోర్జర్ అండ్ హీట్ ట్రీటర్ సర్టిఫికెట్ ఇవ్వండి. అప్పుడు నా మేనల్లుడు రైల్వేకు దరఖాస్తు పెట్టగలడు, లేదంటే సొంత కొలిమి పెట్టి లోను తీసుకోగలడు, చదువు కొనసాగించాలనుకుంటే మీ స్కిల్స్ యూనివర్సిటీ గడప ఎక్కగలడు.

నేర్పే ఉస్తాద్‌కు గౌరవ వేతనం ఇవ్వండి. ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే డిప్లొమా కావాలనే నిబంధన ఐటీఐ తరగతికి ఉండనివ్వండి, కొలిమి దగ్గర వద్దు. మా బాపు చదివింది నాలుగో తరగతి. ఆయనకు తెలిసింది డిప్లొమాలో లేదు. చేతిపని పరీక్ష పెట్టి ఉస్తాద్‌లను ఎంపిక చేయండి, మేం ఆ పరీక్షకు కూర్చుంటాం.

నేర్చుకునే పిల్లలకు నెలనెలా భత్యం తప్పకుండా ఉండాలి. మా ఇళ్లలో పదహారేళ్లవాడు రెండేళ్లు ఊరికే నేర్చుకుంటూ కూర్చోలేడు. ఆ డబ్బు లేకపోతే కూలికి పోతాడు, లేకపోతే ఇరవై నిండగానే పాస్‌పోర్టు తీసుకుంటాడు.

2024లో మీరు రాష్ట్రంలోని 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టారు. 2,300 కోట్ల రూపాయలకు పైగా పెట్టారు. రోబోటిక్స్, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్లు, ఎలక్ట్రిక్ బండ్ల కోర్సులు వస్తున్నాయి. మా ఊరి పిల్లలు వాటిలో చేరుతున్నారు, నాకు సంతోషమే. ఆ 65లో ఒక్కదాని వెనక, షెడ్డు పక్కన, రెండు కొలిములకు చోటివ్వండి. ఒక బ్లోయర్, రెండు దాగలులు, నీళ్ల తొట్టి, బొగ్గు నిల్వ. సీఎన్‌సీ మెషిన్ ధరలో అది చాలా చిన్న ముక్క. పైగా సీఎన్‌సీ నేర్చుకునే పిల్లవాడు కూడా ఒక వారం ఆ నిప్పు ముందు నిల్చుంటే లోహం ఎలా నడుస్తుందో చేతికి తెలుస్తుంది. నేను ఫిట్టర్‌గా ఉన్నప్పుడు డ్రిల్ బిట్ ఎందుకు కాలిందో, ఎందుకు విరిగిందో మా షాపులో నాకు ముందే తెలిసేది. బాపు కొలిమి దగ్గర పెరిగినందుకే తెలిసింది.

చట్టం మార్చాలంటే ఢిల్లీ దాకా పోవాలి, తెలుసు. అప్రెంటిస్ నిబంధనల్లో ఇద్దరు పనిచేసే చోటును కూడా చేర్చమని రాష్ట్రం తరఫున ఒక లేఖ రాయండి. ఆ జవాబు వచ్చేదాకా ఆగకండి. ఎస్‌సీవీటీ మీదే, యూనివర్సిటీ మీదే, ఐటీఐలు మీవే.

మీలో ఎవరైనా వచ్చి చూస్తామంటే మా కొలిమి తెరిచే ఉంటుంది. ఒక్క మనవి, ఎండెక్కాక రాకండి. ఎండ వెలుతురులో కాలిన ఇనుము రంగు సరిగ్గా కనబడదు, అందుకే మేం పదును పని తెల్లవారకముందే పెట్టుకుంటాం. ఐదు గంటలకల్లా వస్తే కొలిమి పక్కన నిలబెట్టి చీకట్లో ఇనుము కాలే రంగులు, ఆపైన దీపం వెలుతురులో మొన మీద ఆ రంగులు పరుగెత్తడం చూపిస్తాను. ఇప్పుడు కళ్లు మసకైనా బాపు కూడా లేచి వచ్చి పక్కన కూర్చుంటాడు. మా మేనల్లుడు వెల్డర్‌లో చేరడానికి ఫారం తెచ్చుకున్నాడు, ఇంకా నింపలేదు. ఆదివారాలు సమ్మెట వేయడానికి వస్తున్నాడు.

ఇట్లు,
ఒక కమ్మరి